కారణం గడిలో నేను రాసిన మాట

పదవీ విరమణకు అయిదేళ్లు ఉందనగా, ఒక ఏప్రిల్ మొదటి తారీఖున, నన్ను వెల్ఫేర్ ఆఫీసరు కుర్చీలోంచి తీసి పర్సనల్ విభాగానికి సీనియర్ మేనేజరుగా వేశారు. భిలాయిలో పెద్ద ఉక్కు కర్మాగారం చుట్టూ, దానికి కావలసిన పోతభాగాలు తయారుచేసి ఇచ్చే చిన్న కర్మాగారాలు చాలా ఉన్నాయి. మాది వాటిలో ఒకటి, జాముల్ వెళ్లే దారిలో ఉండేది. దాని పేరు ఇక్కడ అనవసరం. నా ఉత్తర్వులో రెండో పేరా ఒకటి ఉంది. సేఫ్టీ ఆఫీసరు పోస్టు ఖాళీగా ఉన్నందున, వేరొకరు వచ్చేవరకు ఆ బాధ్యత కూడా నేనే చూడాలని దాని సారాంశం. ప్రమోషను సంతోషంలో ఆ రెండో పేరాను నేను సరిగ్గా చదవను కూడా లేదు.

పర్సనల్ ఆఫీసరు చేసే పని ఏమిటని మా బంధువులు అడుగుతూండేవారు. ఇంజనీరు ఇనుము కరిగిస్తాడు, ఫోర్‌మన్ పని చేయిస్తాడు, నేను రాసేవాణ్ణి. నియామక పత్రం, సెలవు తిరస్కరణ, ఛార్జిషీటు, సంతాప సందేశం. గేటు లోపలికి వచ్చిన రోజు నుంచి బయటికి వెళ్లే రోజు వరకు ఒక మనిషి గురించి కాగితం మీద ఏ మాట పడాలో తేల్చేది మా విభాగమే. నేను పెద్ద కర్మాగారం టౌన్‌షిప్పులో, సెక్టారు క్వార్టర్లలో పుట్టి పెరిగినవాణ్ణి కనక హిందీ నీళ్లలా వచ్చు. తెలుగు మా నాన్న బెత్తం పట్టుకుని నేర్పారు. రెండింట్లోనూ సరైన మాట నాకు ఠక్కున దొరుకుతుందని గర్వం ఉండేది. తెలుగు సమాజం ఆహ్వాన పత్రికలన్నీ నేనే రాసేవాణ్ణి.

పోతలు పోసే మా ఫౌండ్రీ షెడ్డులో కప్పు కింద పట్టాల మీద నడిచే పెద్ద క్రేన్ ఒకటుండేది. దాని ఆపరేటరు సూర్యనారాయణ. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే వచ్చినవాడు. పైన గాజు కేబిన్‌లో కూర్చునేవాడు. కింద నిలబడి బరువుకు ఇనప తాళ్లు కట్టి, ఎటు తీసుకెళ్లాలో, ఎక్కడ దించాలో సైగ చేసేవాణ్ణి స్లింగర్ అంటారు. ఆ పని అప్పన్నది. సూర్యనారాయణ భార్య ఆదిలక్ష్మికి అప్పన్న సొంత అన్న. అంటే పైనున్నవాడూ కిందున్నవాడూ బావా బావమరుదులు.

ఫౌండ్రీ రొదలో మాట వినపడదు. అందుకని క్రేన్ పని అంతా సైగలతోనే నడుస్తుంది. వేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే ఎత్తమని. అరచెయ్యి కిందికి ఆడిస్తే దించమని. చెయ్యి పక్కకు చాచి పిడికిలి బిగిస్తే ఆపమని. పైవాడు కిందివాడి చేతి మీంచి చూపు తిప్పకూడదు. కిందివాడు పైవాడు చూస్తున్నాడని తేల్చుకోకుండా చెయ్యి కదపకూడదు. వాళ్లిద్దరూ ఇరవై ఏళ్లకు పైగా అలా పనిచేశారు. షెడ్డులో మిగతావాళ్లు పని ఆపి చూసేంత ఒద్దికగా ఉండేది ఆ పని.

వాళ్ల మధ్య మాటలు ఆగిపోవడం నా కళ్లెదుటే జరిగింది. సూర్యనారాయణ కూతురు శైలజను అప్పన్న కొడుక్కి ఇవ్వాలని పిల్లలు పుట్టినప్పుడే అనుకున్నారు. మేనరికం వాళ్లలో మామూలే. అమ్మాయి నర్సింగు చదివి, ఉద్యోగం వచ్చాక, ఆ సంబంధం వద్దంది. సూర్యనారాయణ కూతురి మాటే తన మాట అన్నాడు. ఆ ఏడు తెలుగు సమాజంవాళ్లు చేసే అమ్మవారి సంబరంలో, భోజనాల పందిట్లో, అందరి ముందూ బావలిద్దరూ తగువు పడ్డారు.

“నీ గుమ్మం తొక్కితే నా కాళ్లు ఇరిగిపోను” అన్నాడు సూర్యనారాయణ.

“అక్కడ నువ్వు పైనుంటావు, నేను కిందుంటాను, సెయ్యి ఊపుతాను. అంతే. ఇక్కడ నీకూ నాకూ ఏటీ లేదు” అన్నాడు అప్పన్న.

నేను సమాజానికి కార్యదర్శిని. మధ్యలోకి వెళ్లి ఇద్దర్నీ చెరోవైపు కూర్చోబెట్టాను. ఆ సాయంత్రం కమిటీవాళ్లతో, “పాపం, వాళ్లింట్లో ముసలం పుట్టిందండీ” అన్నాను. అందరూ తలలూపారు. ఆ మాట ఎంత బాగా కుదిరిందోనని లోపల నాకు కొంచెం ముచ్చట కూడా వేసింది.

అప్పటికి నేనింకా వెల్ఫేర్ ఆఫీసర్ని. ఇద్దరూ ఒకే షిఫ్టులో ఉంటే ఇబ్బంది అని, అప్పన్నను పిలిచి షిఫ్టు మారుస్తానన్నాను. అతను తలపాగా గుడ్డ తీసి మొహం తుడుచుకుని, “వద్దు బాబూ. మాటల్లేకపోతే ఏటి? మా బావ సేతికింద నాకు బెంగ లేదు. ఇంకోడు పైనుంటే నానుండలేను” అన్నాడు. ఎక్కడా రాసుకోకుండా సరేనని పంపించేశాను. ఆ తరవాత రెండేళ్లు ఆ ఇద్దరూ ఒక్క మాట లేకుండా, ఒక్క పొరపాటు లేకుండా పనిచేశారు. టీ తాగేటప్పుడు ఒకడు షెడ్డుకు ఆ చివర, ఒకడు ఈ చివర. గంట మోగగానే ఒకడు నిచ్చెన ఎక్కేవాడు, ఒకడు చెయ్యెత్తేవాడు.

నేను కొత్త కుర్చీలోకి వచ్చిన నాలుగో నెలలో, జూలైలో, ఒక పగలు భోజనాల గంటకు కాస్త ముందు ప్రమాదం జరిగింది. చల్లారిన పెద్ద పోత ఒకదాన్ని అచ్చు గుంటలోంచి ఎత్తి, నేల మీద చెక్క దిమ్మల మీద దించుతున్నారు. మోకాలెత్తున ఉండగా అప్పన్న ఆపమని పిడికిలి బిగించాడు. బరువు ఆగింది. దిమ్మ వంకరగా ఉందని వంగి సర్దబోయాడు. దిమ్మల్ని పొడుగాటి ఇనప కొక్కెంతో జరపాలని నియమం. చేత్తో జరపడం అందరికీ అలవాటు. అతను వంగి ఉండగా బరువు జారి అతని మీదికి ఒరిగింది. ఆస్పత్రికి తీసుకెళ్లే దారిలోనే ప్రాణం పోయింది.

ఇలాంటప్పుడు ఇరవై నాలుగు గంటల్లో ప్రాథమిక నివేదిక ఇవ్వాలి. రాయవలసినవాడు సేఫ్టీ ఆఫీసరు, అంటే ఉత్తర్వులోని రెండో పేరా ప్రకారం నేను. ఒక ప్రతి వర్క్స్ మేనేజరుకు, ఒకటి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు. ఫారంలో మూడు గడులుంటాయి. ఏం జరిగింది, తక్షణ కారణం, మూల కారణం. మూడోది రెండు పంక్తుల వెడల్పు.

సాక్షుల వాంగ్మూలాలు నేనే తీసుకున్నాను. నలుగురిలో ముగ్గురు మనవాళ్లు. వాళ్లు తెలుగులో చెబితే నేను హిందీలో రాసుకున్నాను. నేను అడిగిన మొదటి ప్రశ్న, “వాళ్లిద్దరికీ మాటలున్నాయా?” అని. బ్రేకు గురించి కాదు, తాళ్ల గురించి కాదు. ఇంకో ఊరివాడూ ఇంకో భాషవాడూ ఎవడైనా అయితే ఆ ప్రశ్న అడగాలని వాడికి తట్టేదే కాదు. క్రేన్ ఎలా ఆగుతుందని అడిగేవాడు. నేను ఆ పందిట్లో ఉన్నవాణ్ణి, ఆ ఇంట్లో పప్పన్నం తిన్నవాణ్ణి. కాబట్టి నాకు తెలుసనుకున్నాను.

“మాటల్లేవు బాబూ, రెండేళ్లయింది. తమకి తెలీందేటి?” అన్నారు వాళ్లు. తెలీనిదేమీ లేదని నేనూ అనుకున్నాను. ఇంటిగుట్టు లంకకు చేటంటారు. ఆ గుట్టు బయటపెట్టినవాడు ఇంట్లోవాడే అయివుండాలని సామెత చెప్పనే చెబుతోంది.

మూల కారణం గడి దగ్గర కలం ఆగింది. మనసులోకి వచ్చిన మాట ముసలం. దాని సంగతి కొంచెం చెప్పాలి. ముసలం అంటే రోకలి. పురాణంలో ఒక వంశంవాళ్లు మునుల్ని ఎగతాళి చేస్తే, వాళ్ల శాపం వల్ల ఇనప రోకలి ఒకటి పుడుతుంది. దాన్ని అరగదీసి పొడి సముద్రంలో కలిపేస్తారు. ఆ పొడి ఒడ్డుకు కొట్టుకొచ్చి తుంగలా మొలుస్తుంది. ఒకనాడు ఆ వంశంవాళ్లే ఆ తుంగ పీక్కుని ఒకళ్లనొకళ్లు బాదుకుని చస్తారు. అందుకే మనవాళ్లు కొంపలో గానీ పార్టీలో గానీ లోపల్లోపల కుమ్ములాట మొదలైతే ముసలం పుట్టిందంటారు. పత్రికలవాళ్లకు రోజూ పనికొచ్చే మాట.

ఈ మాట వాడకంలో ఒక సౌకర్యం ఉంది. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ముసలం అనగానే బయటివాళ్లందరూ చేతులు కడుక్కోవచ్చు. వాళ్లలో వాళ్లే కొట్టుకున్నారు, వాళ్లే పోయారు. శాపం ఎవరిది, ఇనుము ఎక్కడిది అని ఇక ఎవరూ అడగరు. కథలో కూడా రోకలి దానంతటది పుట్టలేదన్న సంగతి చెప్పేవాడికీ గుర్తుండదు, వినేవాడికీ గుర్తుండదు.

హిందీలో దానికి సరిపోయే మాట కోసం నేను వెతుక్కోనక్కర్లేకపోయింది. అంతర్‌కలహ్. ‘కర్మచారుల మధ్య అంతర్‌కలహ్’ అని రాశాను. రెండు పంక్తుల గడిలో అది చక్కగా ఇమిడింది. మనిషి పోయి ఒక రోజు కాలేదు, నేను నా వాక్యాన్ని ఇంకోసారి చదువుకుని సంతృప్తి పడ్డాను. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అయినా జరిగింది అదే.

వర్క్స్ మేనేజరు నివేదిక చదువుతూ మూడో గడి మీద వేలు ఆపాడు. చాలాసేపు అక్కడే ఉంచాడు. “మూర్తిజీ, ఈ మాట ఇలాగే ఉండనివ్వండి” అన్నాడు హిందీలో. నా హిందీని మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

మర్నాడు దాని సారాంశం నోటీసు బోర్డు మీద పెట్టారు. ఎవరో ఫోనులో ఫోటో తీశారు. సాయంత్రానికి సమాజం వాట్సాప్ గ్రూపులో ఉంది, మరికాసేపటికి శ్రీకాకుళంలో వాళ్ల ఊళ్లో ఉంది. సూర్యనారాయణను సస్పెండు చేశారు. ‘వ్యక్తిగత వైరంతో సంకేతాన్ని నిర్లక్ష్యం చేసి సహోద్యోగి మృతికి కారకుడైనందుకు’ అని ఛార్జిషీటు. అది కూడా నేనే రాశాను. నివేదికలో మాట అలా ఉన్నాక ఛార్జిషీటు ఇంకోలా రాయడానికి వీల్లేదు.

అప్పన్న పెద్దకర్మకు వెళ్లాను. సూర్యనారాయణ వాకిట్లో, చెప్పులు విడిచే చోట నిలబడి ఉన్నాడు. లోపలికి రావద్దన్నారట. ‘నీ గుమ్మం తొక్కితే’ అన్న పాత మాట ఎవరో గుర్తు చేసి ఈసడించారని తరవాత తెలిసింది.  అతను నన్ను చూసి చేతులు జోడించాడు. నేను లోపలికి వెళ్లిపోయాను.

తిరిగి వస్తూంటే ఆదిలక్ష్మి నాకు అడ్డం వచ్చింది. ఆమెకు చదువు రాదు. కళ్లు వాచి ఉన్నాయి, గొంతు మాత్రం నిబ్బరంగా ఉంది.

“బాబూ, మా ఆయన పగబట్టి మా అన్నని సంపీసినాడని మీరు రాసీసినారంట. నిజమేనా?”

అలా రాయలేదన్నాను. ఏం రాశారని అడిగింది. చెప్పబోయి ఆగాను. అంతర్‌కలహ్ అంటే ఏమిటో ఆమెకు అర్థమయ్యే తెలుగులో చెబితే, ఆమె అన్న మాటే వస్తుంది. “ఎంక్వయిరీ నడుస్తోందమ్మా, ఇప్పుడు నేనేమీ చెప్పకూడదు” అన్నాను. నియమం ప్రకారం అది సరైన జవాబే.

“మీరు సదువుకున్నోరు. మావోరు. మీకు తెలీకండా రాయరు గదా” అంది ఆమె. ఆ రాత్రే మొగుణ్ణి వదిలి కూతురు ఉండే క్వార్టరుకు వెళ్లిపోయింది.

ఇక్కడ శాఖాపరమైన విచారణ గురించి చెప్పాలి. ఉద్యోగం తీసేయాలంటే ఛార్జిషీటు ఒక్కటే చాలదు. బయటి వకీలునో రిటైరైన అధికారినో విచారణాధికారిగా పెట్టి, సాక్షుల్ని పిలిచి, నిందపడినవాడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అతను తోటి కార్మికుణ్ణి ఒకణ్ణి సాయం తెచ్చుకోవచ్చు. సూర్యనారాయణ తెచ్చుకున్నది సాహూ అనే ఛత్తీస్‌గఢీ వెల్డర్ని. మన తెలుగువాళ్లలో ఎవరూ రాలేదు. యాజమాన్యం తరఫు మొదటి సాక్షిని నేను, మొదటి పత్రం నా నివేదిక.

సాహూ నన్ను ఒకటే అడిగాడు. “సాబ్, క్రేన్ లాగ్‌బుక్ చూశారా?”

లాగ్‌బుక్ అంటే ప్రతి షిఫ్టు మొదట్లో ఆపరేటరు బ్రేకు, గంట, తాడు చూసి రాసే పుస్తకం. అది మెయింటెనెన్సువాళ్ల దగ్గర ఉంటుంది. నేను చూడలేదు. చూడలేదని చెప్పకుండా, “ఈ విషయానికి దానితో సంబంధం లేదు” అన్నాను. విచారణాధికారి అలాగే రాసుకున్నాడు.

సూర్యనారాయణను అడిగితే, బావ చెయ్యి చూసి ఆపడానికి హేండిలు సున్నాకు తెచ్చాననీ, బరువు ఒక్క క్షణం ఆగి జారిందనీ హిందీలో చెప్పాడు. తరవాత నావైపు తిరిగి తెలుగులో అన్నాడు. “మాటల్లేని మాట నిజమే బాబూ. కానీ రెండేళ్లలో మా బావ సెయ్యి నేను సూడకండా ఒక్కసారన్నా దించినానేటి? తమరే సెప్పండి.”

విచారణాధికారి నన్ను తర్జుమా చెయ్యమన్నాడు. నేను చేశాను. తర్జుమా చేశానే గానీ, ప్రశ్న నన్నడిగినా జవాబు చెప్పలేదు. సాక్షి ప్రశ్నలకు జవాబిస్తాడు గానీ నిందితుడి విన్నపాలకు కాదని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ సాయంత్రం మెయింటెనెన్సు గదికి వెళ్లి లాగ్‌బుక్ తీయించాను. ప్రమాదానికి ముందు పదిరోజుల్లో మూడుసార్లు, సూర్యనారాయణ వంకర హిందీలో, ‘బ్రేకు జారుతోంది’ అని ఉంది. మూడుసార్లూ పక్కన ఎర్ర సిరాతో ‘చూశాను’ అని, కింద మెయింటెనెన్సువాళ్ల పొట్టి సంతకం. ప్రమాదమైన మర్నాడు మాత్రం ఇంకో చేతిరాతతో, ‘బ్రేకు పట్టీలు మార్చబడినవి’.

ఆ తేదీ మళ్లీ చదివాను. మనిషి పోయిన మర్నాడు, నేను నా గడిలో నా మాట రాసుకుంటున్న పూటే, అదే షెడ్డులో ఎవరో నిచ్చెనెక్కి ఆ పట్టీలు మార్చారు. దుమ్ము, నూనె ఉన్న ఆ పుస్తకం నా కుర్చీకి రెండు వందల అడుగుల దూరంలో ఉంది. చూడవలసినవాణ్ణి నేను. వాళ్లింటి సంగతి తెలుసు కదా అని చూడలేదు.

ఆ పేజీకి జెరాక్సు తీయించి, పుస్తకం పట్టుకుని వర్క్స్ మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయన కోప్పడలేదు. తలుపు వేయించి, మంచినీళ్లు తెప్పించాడు. నివేదిక ఇన్‌స్పెక్టరుకు వెళ్లిపోయిందన్నాడు. ఇప్పుడు కారణం మారిస్తే మొదటిది అబద్ధపు నివేదిక అవుతుందనీ, దాని కింద సంతకం ఎవరిదో నాకు తెలుసుననీ అన్నాడు. “ఆ మాట మేం చెప్పలేదు మూర్తిజీ. మీరే రాశారు.” నిజమే. ఆయన ఆ మాటను తయారుచేయలేదు, ఉండనిచ్చాడంతే. లాగ్‌బుక్ ఆయన బల్ల మీదే ఉండిపోయింది.

నేను ఒక అనుబంధ నోటు రాశాను. తేదీ వేశాను, సంతకం పెట్టాను, ఫైల్లో చేర్చాను. దాన్ని విచారణాధికారికి పంపలేదు, సాహూకు చెప్పలేదు, ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్లలేదు. నాకు నాలుగేళ్ల పైచిలుకు సర్వీసు మిగిలి ఉంది. భయపడ్డాను. దీనికి ఇంకో పేరు లేదు. అభియోగం రుజువైందని విచారణాధికారి తేల్చాడు. తొలగింపు ఉత్తర్వు మీద సంతకం పర్సనల్ విభాగాధిపతిది, అంటే మళ్లీ నాదే.

రిటైరైన రెండో నెలలో ఆ జెరాక్సు కాగితం తీసుకుని భిలాయి పక్కనే ఉన్న చరోదా వెళ్లాను. సూర్యనారాయణ అక్కడ రైల్వే యార్డు అవతల ఒక గదిలో అద్దెకుంటున్నాడని విన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టేనని తెలుసు. అక్కడ కాలినవి నా చేతులు కావని కూడా తెలుసు.

అతను గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి, “రండి బాబూ” అని ఉన్న ఒక్క కుర్చీ వేశాడు. కాగితం ఇచ్చాను. తన చేతిరాతను వేలితో తడుముతూ చదివాడు. జరిగింది చెప్పాను, నోటు సంగతితో సహా. కోపం వస్తుందనుకున్నాను. రావాలని ఆశపడ్డాను కూడా.

“బ్రేకు జారతన్నాదని రాసిన మాట నిజమే బాబూ,” అన్నాడు. “కానీ జారతాదని తెలిసీ ఆ పొద్దు క్రేన్ ఎందుకెక్కేను? అదడిగినారు కారు మీరు.” కాగితం మోకాలి మీద పరుచుకున్నాడు. “మొదట్లో నాకు బాగా గేపకం, హేండిలు బేగి తిప్పీసినానని. ఇన్నేళ్లు అందరూ అదే అన్నాక, ఇంటిది కూడా అన్నాక, ఇప్పుడు కళ్లు మూస్తే సెయ్యి ఆలిస్యమైనట్టే కనబడతాది. ఆ పొద్దు ఆడి మీద నా లోపల ఏటున్నాదో నాకే తెల్దు. మీకెలాగ తెలుస్తాది?”

నీ తప్పు లేదు, బ్రేకుదే తప్పు, కాగితం నీ చేతిలోనే ఉందన్నాను. రెండుసార్లు అన్నాను. అతను చిన్నపిల్లాడి మాట విన్నట్టు తలూపి, కాగితం మడిచి నాకిచ్చేశాడు. “నాకెందుకు, లచ్చికి సూపించండి” అన్నాడు.

ఆదిలక్ష్మి అప్పటికీ శైలజ దగ్గరే, సెక్టారులో ఉంది. శైలజ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, ఇంకా తెల్లచీర మార్చుకోలేదు. ఆ అమ్మాయికి తెలుగు చదవడం రాదు, హిందీ వచ్చు. కాగితం తీసుకుని తల్లికి చదివి వినిపించింది. మూడో పంక్తి దగ్గర ఆగి నావైపు తిరిగింది. “అంకుల్, ఝగడా నా శాదీ మీదే కదా వచ్చింది. మీ నోటీసులో కారణం నేనే అనుకుంటూ ఉన్నాను, ఇన్నేళ్లూ” అంది. ఆ గడిలో ఈ పిల్ల కూడా ఉందని నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఆదిలక్ష్మి నిర్వికారంగా ఉంది. “అప్పుడు రాసిందీ మీరే, ఇప్పుడు తెచ్చిందీ మీరే. దేన్ని నమ్మమంటారు బాబూ?” అంది.

కాగితంతో పని కాదని అర్థమై, ఎన్నడూ ఎవరితోనూ అనని సంగతి చెప్పాను. సంబరంలో తగువైన తరవాత షిఫ్టు మారుస్తానంటే అప్పన్న వద్దన్నాడనీ, మా బావ సేతికింద నాకు బెంగ లేదన్నాడనీ చెప్పాను. ఆ మాటలు అతనన్నట్టే అన్నాను.

ఆమె మొహం మారిపోయింది. “మా అన్న అన్నాడా?”

అన్నాడన్నాను.

“మీతోటే అన్నాడా?”

నాతోనే అన్నాడన్నాను.

“మరి ఆ పొద్దు వాకిట్లో అడిగేను గదా. అప్పుడు సెప్పలేదేటి?”

 ఆ రోజు నాకు అది గుర్తుంది. ఆమె నా ఎదురుగా నిలబడినప్పుడు గుర్తుంది. నివేదిక రాసేటప్పుడు కూడా గుర్తుంది. రాయడానికి గడి లేదనుకున్నాను, అంతే.

“ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టుకుని బతికీసినాను,” అంది ఆమె మెల్లగా. “ఆయనొచ్చి ఈ గుమ్మంలో ఏడిస్తే తలుపేసీసినాను. ఇప్పుడీ మాట తెచ్చి నా ఒళ్లో పడేసినారు. ఇంకే మొకం పెట్టుకుని ఎల్తాను? ఇక నుంచి నన్ను నేను తిట్టుకోవాలేటి?” ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుంది. శైలజ కాగితం నా చేతిలో పెట్టి, “బస్, అంకుల్. ఇంక చాలు” అంది. నేను లేచి వచ్చేశాను.

ఆదిలక్ష్మి చరోదా వెళ్లలేదు. ఆ పై చలికాలంలో సూర్యనారాయణ పోయాడు. కబురు సమాజం గ్రూపులోనే చూశాను. అనుబంధ నోటు ఇప్పటికీ ఆ ఫైల్లో ఉండే ఉంటుంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. మూల కారణం గడిలో ‘విచారణలో ఉంది’ అని రాసి పంపితే నియమం ఒప్పుకుంటుంది. నేను కూడా అలా పంపి ఉండవచ్చు. ముందు యంత్రం పుస్తకం తెప్పించుకోవాలి, ఆ తరవాతే మనుషుల్ని పిలవాలి. మనవాళ్ల గురించి మనకు ముందే తెలిసిన సంగతి సాక్ష్యం కాదు. అది తెలిసిన అధికారి ఆ కేసు వేరొకరికి అప్పగించాలి. తప్పు రాస్తే దొరికిన రోజే దిద్దాలి, ఏళ్లు గడిచాక దిద్దితే అది ఇంకొకరికి తగులుతుంది. నేను చేరినప్పుడు ఇవేవీ నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా, సరైన మాట దొరికిందన్న సంతోషంలో ఆ రోజు నేను వినేవాణ్ణి కాను.